ఫిల్మోర్ ఈస్ట్ ఆల్బమ్: ఆశువు అనే అపోహ

ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ హాల్లో శ్రోతల ఎదుట రికార్డు చేసి, అదే ఏడాది జూలైలో విడుదల చేసిన జంట ఎల్పీ ‘ఎట్ ఫిల్మోర్ ఈస్ట్’. అమెరికా దక్షిణాది రాక్ సంగీతం గురించి మాట్లాడేవారు ముందుగా చెప్పే పేరు అదే. దాన్ని మెచ్చుకునేవారి నోట ఒక మాట బాగా స్థిరపడిపోయింది. వేదిక మీద ఏం జరిగిందో టేపు దాన్నే పట్టిందనీ, ముందు అనుకున్నదీ తర్వాత దిద్దినదీ ఏమీ లేదనీ, ఆ పచ్చితనమే దాని గొప్పదనమనీ అంటారు. దీని వెంట మరో రెండు మాటలు కూడా వస్తాయి. స్టూడియోలో తయారైనది కృత్రిమం, జనం ముందు వాయించినదే నిజం అనేది ఒకటి. లైవ్ ఆల్బమ్ టేపు మీద కత్తెర పడితే అది శ్రోతను మోసం చేసినట్టే అనేది రెండోది.

పొగడ్తలా వినిపించే ఈ మాట నిజానికి ఆ ఆల్బమ్‌కు అన్యాయం చేస్తుంది. ‘ఎట్ ఫిల్మోర్ ఈస్ట్’ దానంతటదే జరిగిన సంఘటన కాదు, పథకం వేసి, సాధన చేసి, ఏరి, కోసి, కూర్చిన పని. వాయించినవారి చెమట ఎంత నిజమో, ఆ కూర్పు కూడా అంతే నిజం.

బ్యాండ్ 1969 మార్చిలో ఫ్లారిడాలోని జాక్సన్‌విల్‌లో పుట్టి, కొద్ది వారాలకే జార్జియాలోని మేకన్ పట్టణానికి చేరింది. డ్వేన్ ఆల్మన్, డికీ బెట్స్ గిటార్లు వాయించేవారు. డ్వేన్ తమ్ముడు గ్రెగ్ ఆర్గన్ వాయిస్తూ పాడేవాడు. బేస్ గిటార్ బెర్రీ ఓక్లీది. డ్రమ్ముల వద్ద ఇద్దరు, బుచ్ ట్రక్స్, జైమో. నల్లవారూ తెల్లవారూ కలిసి ఒకే బ్యాండులో ఉండటం ఆనాటి జార్జియాలో మామూలు సంగతి కాదు. కాప్రికార్న్ రికార్డ్స్ అధిపతి ఫిల్ వాల్డెన్ అండతో 1969 నవంబరులో తొలి ఆల్బమ్, 1970 సెప్టెంబరులో ‘ఐడిల్‌వైల్డ్ సౌత్’ వచ్చాయి. రెండూ పెద్దగా అమ్ముడుపోలేదు. ఆ రోజుల్లో వారి బతుకంతా రోడ్డు మీదే గడిచేది. ఏడాదిలో అధిక భాగం ఊరూరా తిరుగుతూ కచేరీలు చేసేవారు, ఖాళీ దొరికితే అట్లాంటాలోని పీడ్‌మాంట్ పార్కులో ఉచితంగా కూడా వాయించేవారు. స్టూడియోలో ఐదారు నిమిషాలకు కుదించిన పాట వేదిక మీద ఇరవై నిమిషాలు సాగుతోందనీ, ఆ నిడివిలోనే తమ బలం ఉందనీ వారికి తెలుసు. కాబట్టి మూడో ఆల్బమ్ శ్రోతల ఎదుట చేద్దామన్నది ఆవేశంలో పుట్టిన ఆలోచన కాదు. రెండు ఆల్బమ్‌ల తర్వాత లెక్క చూసుకుని తీసుకున్న నిర్ణయం.

హాలు ఎంపికలోనూ అదే ముందుచూపు కనిపిస్తుంది. బిల్ గ్రాహమ్ 1968 మార్చిలో తెరిచిన ఫిల్మోర్ ఈస్ట్‌లో రెండున్నర వేల మందికి పైగా పట్టేవారు. ఆల్మన్ బృందం అక్కడ మొదట వాయించింది 1969 డిసెంబరులో. తర్వాత మళ్లీ మళ్లీ వెళ్లింది. ఆ హాలు ఎలా మోగుతుందో, అక్కడి శ్రోతలు ఎంతసేపు ఓపిక పడతారో వారికి కొట్టినపిండి. నెమ్మదిగా మొదలై, మధ్యలో దాదాపు నిశ్శబ్దంలోకి జారి, మళ్లీ లేచే సంగీతానికి ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టని జనం కావాలి. అలాంటి జనం దొరికే చోటును వెతికి పట్టుకున్నారు.

రికార్డింగ్ కోసం 16 ట్రాకుల యంత్రం ఉన్న ట్రక్కు వచ్చింది. ఇది చిన్న విషయంగా తోస్తుంది గానీ, పచ్చి టేపు వాదానికి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. హాలు మధ్యలో రెండు మైకులు వేలాడదీసి, వినిపించినదంతా ఒకే టేపులోకి ఎక్కిస్తే అది ఒక రకమైన సాక్ష్యం. ఒక్కో వాద్యానికీ గొంతుకూ వేర్వేరు ట్రాకులు ఇచ్చారంటే, ఏది ఎంత వినిపించాలో తర్వాత నిర్ణయిస్తారని మొదటి మైకు పెట్టినప్పుడే అనుకున్నట్టు. రెండు గిటార్లు చెరో పక్కనుంచి వినిపించి, ఇద్దరు డ్రమ్మర్ల దరువులు విడివిడిగా చెవికి అందుతాయంటే, అది హాల్లో పదో వరుసలో కూర్చున్నవారికి వినిపించిన ధ్వని కాదు. ఆ ధ్వని ఎల్పీ కొన్నవారి కోసం తయారైంది.

ట్రక్కులో కూర్చున్న మనిషి టామ్ డౌడ్. యువకుడిగా కొలంబియా విశ్వవిద్యాలయంలో అణుబాంబు పథకానికి సంబంధించిన భౌతికశాస్త్ర పనిలో ఉండి, ఆ తర్వాత అట్లాంటిక్ రికార్డ్స్‌లో రే చార్ల్స్, జాన్ కోల్ట్రేన్ వంటివారిని రికార్డు చేసినవాడు. ఎనిమిది ట్రాకుల రికార్డింగును అమెరికన్ స్టూడియోల్లోకి ముందుగా తెచ్చినవారిలో ఒకడు. ‘ఐడిల్‌వైల్డ్ సౌత్’ నిర్మాత కూడా అతనే. ఆఫ్రికాలో ‘సోల్ టు సోల్’ సినిమా పని ముగించుకుని వచ్చీ రాగానే ఈ ట్రక్కు ఎక్కాడు. ఆశువును ఆశువుగా వదిలేయాలనుకున్న బ్యాండు ఇలాంటి మనిషిని పిలవదు.

కచేరీలు మార్చి 11 గురువారం మొదలై 13 శనివారం దాకా జరిగాయి. జానీ వింటర్, ఎల్విన్ బిషప్ బృందాలు కూడా అదే వేదికను పంచుకున్నాయి. పోస్టరు మీద ముఖ్యుడు వింటరే అయినా, మూడో రాత్రికి ముగింపు స్థానం ఆల్మన్ బృందానిదైంది. తొలి రాత్రి డ్వేన్ తన మిత్రుల్ని కొందరిని వెంటబెట్టుకుని వేదిక ఎక్కాడు. శాక్సొఫోన్ వాయించేవారు వచ్చారు, మౌతార్గాన్‌తో థామ్ డూసెట్ వచ్చాడు. ట్రక్కులో వింటున్న డౌడ్‌కు ఆ శాక్సొఫోన్లు శ్రుతిలో లేవని అనిపించింది. విరామం రాగానే పరుగున వెళ్లి డ్వేన్‌తో ఆ వాద్యాలను తప్పించాలని చెప్పాడు. మౌతార్గాన్ ఉండవచ్చా అని డ్వేన్ అడిగితే సరేనన్నాడు. ఎందుకు సరేనన్నాడో డౌడే తర్వాత చెప్పాడు: అవసరమైతే దాన్ని తుడిచేయవచ్చని.

ఈ ఒక్క సంఘటన చాలు, అపోహ సగం కూలడానికి. కచేరీ ఇంకా జరుగుతుండగానే ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న లెక్క నడుస్తోంది. వేదిక మీద ఎవరుండాలో కూడా టేపు అవసరమే నిర్ణయించింది. చివరికి గురువారం రాత్రి వాయించిన పాటల్లో ఒక్కటి కూడా ఎల్పీలోకి రాలేదు. ఒక రాత్రి మొత్తాన్ని పక్కన పెట్టిన ఆల్బమ్‌ను ఉన్నదున్నట్టు పట్టిన దస్తావేజు అనడం మాట మీద గౌరవం లేకపోవడమే.

ప్రతి రాత్రి కచేరీ అయ్యాక డౌడ్, బ్యాండు సభ్యులు టేపులు పట్టుకుని అట్లాంటిక్ స్టూడియోకు వెళ్లేవారు. ఆ రాత్రి వాయించినది అక్కడ కూర్చుని వినేవారు. ఏ పాట కుదిరింది, ఏది మర్నాడు మళ్లీ వాయించాలి అని తేల్చుకునేవారు. శుక్ర, శనివారాల్లో రోజుకు రెండేసి ప్రదర్శనలు. శనివారం రెండో ప్రదర్శన బాంబు బెదిరింపు వల్ల ఆలస్యమై, తెల్లవారేదాకా సాగింది. ఎల్పీలో నాలుగో పక్కంతా ఆక్రమించిన ‘విప్పింగ్ పోస్ట్’ ఆ తెల్లవారుజాము వాయింపే. ఆ పాటలో వినిపించే అలసట, ఉన్మాదం కల్పితాలు కావు. కానీ ఆ పాట ఆ ప్రదర్శన నుంచే తీసుకోవడం ఒక ఎంపిక. ముందు రాత్రుల పాటలు విన్న చెవులు చేసిన ఎంపిక.

స్టూడియోలో చేసే పనికీ దీనికీ తేడా ఎక్కడుంది? స్టూడియోలో ఒక పాటను అయిదుసార్లు వాయించి, మంచి వాయింపును ఉంచుకుంటారు. ఫిల్మోర్‌లో చేసిందీ అదే. ఒకటో వాయింపుకీ రెండో వాయింపుకీ మధ్య గంటలు గడిచాయి, ఎదురుగా కుర్చీల్లో జనం ఉన్నారు, అంతే. స్టూడియో అబద్ధం, వేదిక నిజం అనే గీత ఈ ఆల్బమ్ దగ్గరే చెరిగిపోతుంది.

ఇక ‘జామ్’ అనే మాట, అంటే ముందు అనుకోకుండా కలిసి వాయించుకుంటూ పోవడం. ఈ సంగీతాన్ని మెచ్చుకునేవారూ తిట్టేవారూ ఇద్దరూ వాడే మాట ఇది. జంట ఎల్పీ ప్రతిపాదన వచ్చినప్పుడు అట్లాంటిక్ పెద్దల్లో ఒకడైన జెర్రీ వెక్స్‌లర్ ఈ జాములన్నిటినీ భద్రపరచడం అర్థంలేని పని అన్నట్టు మాట్లాడాడు. వాల్డెన్ పట్టుబట్టాడు కాబట్టి అది బయటికొచ్చింది. వెక్స్‌లర్ తీర్పునీ నేటి అభిమానుల పొగడ్తనీ పక్కపక్కన పెడితే రెండింటి కిందా ఒకే నమ్మకం కనిపిస్తుంది: ఇది తోచినట్టు వాయించినదే అని. ఒకరు దాన్ని లోపమన్నారు, మరొకరు గుణమంటున్నారు. ఇద్దరూ పొరపడ్డారు.

‘విప్పింగ్ పోస్ట్’ను ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టి వింటే సంగతి తెలుస్తుంది. ఓక్లీ బేస్ గిటార్ మీద మొదలుపెట్టే ఆరంభం మూడు, మూడు, మూడు, రెండు, వెరసి 11 దెబ్బల ఆవృత్తం. రాక్ సంగీతంలో అరుదైన లెక్క అది. గ్రెగ్ ఆ పాట కట్టినప్పుడు అది 11 అని అతనికే తెలియదు, అన్న చెబితే తెలిసింది. రాత్రివేళ తట్టిన ఆ పాటను, చేతికి కాగితం అందక, ఇస్త్రీ బల్ల గుడ్డ మీద కాల్చిన అగ్గిపుల్లల బొగ్గుతో రాసుకున్నాడని ప్రసిద్ధమైన కథ. అది ఆశువే, కాదనడానికి లేదు. అయితే గాయకుడి వంతు వచ్చేసరికి ఆ 11 దెబ్బల నడక 12 దెబ్బల నడకలోకి మారుతుంది. ఆరుగురూ, అందులో ఇద్దరు డ్రమ్మర్లు, ఒక్క దెబ్బ అటూ ఇటూ కాకుండా ఆ మలుపు తిరగాలి. 1969లో స్టూడియోలో ఐదు నిమిషాలున్న పాట ఫిల్మోర్‌లో దాదాపు 23 నిమిషాలైంది. ఆ నిడివి అంతటా మలుపులు ఎక్కడెక్కడ రావాలో అందరికీ తెలుసు. మలుపుకీ మలుపుకీ మధ్య దూరం మాత్రమే ఆ రాత్రి తేలుతుంది.

కర్ణాటక కచేరీ విన్నవారికి ఇది కొత్త కాదు. కల్పనస్వరం పాడేవారు ఎంత స్వేచ్ఛగా తిరిగినా ఎత్తుగడకు చేరాల్సిన చోటు ముందే ఖాయం. మనోధర్మాన్ని సాధన లేకపోవడం అని మన దగ్గర ఎవరూ అనరు. రాక్ విమర్శలో మాత్రం ఈ రెండింటినీ కలిపేయడం అలవాటైపోయింది.

బెట్స్ రచన ‘ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’ ఇంకా స్పష్టమైన సాక్ష్యం. మేకన్‌లోని రోజ్ హిల్ శ్మశానంలో ఒక సమాధి రాతి మీద ఉన్న పేరు దానికి పెట్టారు. మాటలు లేని పాట. మొదట్లో బెట్స్ గిటార్ శబ్దాన్ని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ వయొలిన్‌లా పలికిస్తాడు. తర్వాత రెండు గిటార్లు ఒకే రాగభావాన్ని జంట స్వరాల్లో కలిసి పలుకుతాయి. అలాంటి జంట పలుకు ఆ క్షణంలో తోచేది కాదు. రెండు వేళ్ల వరుసలు గంటలకొద్దీ ఒకటితో ఒకటి సరిపెట్టుకుంటేనే కుదురుతుంది. ఆ పైన వచ్చే సోలోలకు ఆధారం మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్‌ల జాజ్ పద్ధతి. స్వరసమూహాలు (కార్డులు) మార్చుకుంటూ పోకుండా ఒకే స్వరక్రమం మీద నిలబడి దాన్ని విస్తరించడం ఆ పద్ధతి. డ్వేన్, జైమో ఆ రికార్డులు అరిగిపోయేలా విన్నవారు. కోల్ట్రేన్ భారతీయ సంగీతాన్ని శ్రద్ధగా వినేవాడు, రవిశంకర్ మీద గౌరవంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. ఆ దారిలో చూస్తే జార్జియా బ్యాండు వాయింపులో రాగవిస్తారం లాంటిది వినిపించడం వింత కాదు.

డ్వేన్ స్లైడ్ గిటార్ గురించి ఇక్కడ ఒక మాట. ‘స్టేట్స్‌బరో బ్లూస్’లో తీగల మీద జారే ఆ కేక అతను ఉంగరపు వేలికి తొడిగిన గాజు సీసాది. జలుబు మాత్రల ఖాళీ సీసా. వినేవారికి అది పుట్టుకతో వచ్చిన విద్యలా తోస్తుంది. నిజానికి 1960ల చివర్లో తాజ్ మహల్ అనే అమెరికన్ బ్లూస్ గాయకుడి రికార్డు మీద ఆ పాట విని, పట్టుబట్టి నేర్చుకున్న విద్య అది.

ఇక కత్తెర సంగతికి వస్తే, ఎల్పీలో ఏడు పాటలున్నాయి. మొదటిది శుక్రవారం నాటిది, చివరిది శనివారం రెండో ప్రదర్శనది. మధ్యలోవి వాయించిన వరుసలో రావు. అంటే ఎల్పీలో వినిపించే ‘కచేరీ’ ఆ క్రమంలో ఎన్నడూ జరగలేదు. ‘స్టార్మీ మండే’లో డూసెట్ మౌతార్గాన్ సోలో ఒకటి ఉండేది. డౌడ్ దాన్ని తీసేశాడు, అతుకు తెలియకుండా. 1992లో ‘ది ఫిల్మోర్ కాన్సర్ట్స్’ పేరుతో అతనే మళ్లీ మిక్స్ చేసి విడుదల చేసినప్పుడు అది బయటికొచ్చింది. ఇరవై ఏళ్ల పాటు ఆ పాటను ప్రాణంగా విన్నవారిలో ఎవరికీ ఏదో కోల్పోయామనిపించలేదు. మంచి కోత అంటే అదే.

ఎల్పీ అనే వస్తువు కూడా కొన్ని నిర్ణయాలు చేసింది. ఒక పక్కకు ఇరవై నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది. ‘యూ డోంట్ లవ్ మీ’ 19 నిమిషాలు కాబట్టి రెండో పక్కంతా దానిదే అయింది. శనివారం ‘విప్పింగ్ పోస్ట్’ ముగింపు నుంచి బ్యాండు ఆగకుండా ‘మౌంటెన్ జామ్’లోకి వెళ్లింది. ఎల్పీ చివర్లో చప్పట్ల మధ్య దాని ఆరంభం వినిపిస్తూనే సన్నగిల్లి మాయమవుతుంది. 33 నిమిషాల ఆ వాయింపు 1972లో ‘ఈట్ ఎ పీచ్’ ఆల్బమ్‌లో రెండు పక్కలకు చీలి అచ్చయింది. పచ్చి టేపును ఆరాధించేవారు ఈ చీలికను ఏమంటారో తెలియదు.

శ్రోతల పాత్ర మరి? కూర్పు అంటే జనాన్ని తక్కువ చేయడం కాదు, వారి విలువ తేలేది ఆ కూర్పులోనే. పాట మధ్యలో వాద్యాలన్నీ ఆగిపోయిన చోట హాలు నిశ్శబ్దంగా ఊపిరి బిగబట్టడం, ఆ నిశ్శబ్దంలో ఎవరో రాత్రంతా వాయించమని వేసిన కేక, ఇవన్నీ డౌడ్ ఉంచాడు. ఉంచాడు అనడమే సరైన మాట, ఎందుకంటే తీసేయడమూ అతని చేతిలో పనే. ఆ కేక వినగానే ఎల్పీ వింటున్నవాడు కూడా కుర్చీలో ముందుకు జరుగుతాడు. అందుకే ఆ నిశ్శబ్దం, ఆ కేక టేపు మీద వాద్యాలతో సమానంగా నిలిచాయి.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. కోతను సమర్థిస్తే రేపు ఎవరైనా సగం ఆల్బమ్‌ను స్టూడియోలో వాయించి, పైన చప్పట్లు అతికించి లైవ్ అంటారు కదా అని. అలా జరిగింది కూడా. 1975లో వచ్చిన కిస్ బృందం ‘అలైవ్!’లో చాలా భాగం స్టూడియోలో సరిదిద్దినదేనని ఆ పనిలో ఉన్నవారే తర్వాత ఒప్పుకున్నారు. ‘ఎట్ ఫిల్మోర్ ఈస్ట్’లో అలాంటిది లేదు. వాయించనిది ఒక్క స్వరం కూడా తర్వాత చేర్చలేదు. అది చెప్పుకోదగ్గ నిజాయతీయే. అయితే తీసేయడానికీ చేర్చడానికీ ఉన్న తేడా చూడకుండా, ఏ దిద్దుబాటూ లేదని ప్రచారం చేయడం మాత్రం ఆ నిజాయతీకి కూడా మేలు చేయదు. వాయించినదాన్నుంచి ఏరడం వేరు, వాయించనిదాన్ని వాయించినట్టు చూపడం వేరు.

ఆశువే లైవ్ ఆల్బమ్ ప్రాణమనే వాదం దక్షిణాది రాక్‌లోని మరో పెద్ద బ్యాండు దగ్గర పూర్తిగా పడిపోతుంది. జాక్సన్‌విల్‌కే చెందిన లినర్డ్ స్కినర్డ్ 1976 జూలైలో అట్లాంటాలోని ఫాక్స్ థియేటర్‌లో మూడు రాత్రులు వాయించి ‘వన్ మోర్ ఫ్రమ్ ది రోడ్’ చేసింది. నిర్మాత మళ్లీ డౌడే. ఫాక్స్‌ను కూల్చేయాలన్న ప్రయత్నాన్ని ఆపడానికి అప్పుడు ఉద్యమం నడుస్తోంది, ఈ కచేరీలు దానికి అండగా నిలిచాయి. స్కినర్డ్ బృందం జామ్ చేసేది కాదు. ఫ్లారిడాలో ఉక్కపోసే రేకుల షెడ్డులో రోజంతా సాధన చేసి, గిటార్ సోలోలను సైతం స్వరం స్వరం ఖాయం చేసుకుని, ప్రతి రాత్రీ అలాగే వాయించేది. అయినా ఆ ఆల్బమ్‌లో ప్రాణం లేదని ఎవరూ అనలేరు. తోచినట్టు వాయించడమే లైవ్‌కు ప్రాణమైతే ఈ ఆల్బమ్ చచ్చి పుట్టి ఉండాలి.

అపోహ ఎందుకు ఇంత గట్టిగా నిలిచిందంటే దానికి ఒక విషాద కారణముంది. 1971 అక్టోబరు నెలాఖరులో ఆల్బమ్‌కు గోల్డ్ గుర్తింపు వచ్చింది. కొద్ది రోజులకే, అక్టోబరు 29న, డ్వేన్ మేకన్‌లో మోటార్ సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు. వయసు 24. మరుసటి ఏడు నవంబరులో ఓక్లీ కూడా అదే ఊళ్లో, అలాంటి ప్రమాదంలోనే పోయాడు. ఫిల్మోర్ ఈస్ట్ అంతకు ముందే 1971 జూన్ 27న మూతపడింది. మనుషులూ పోయారు, హాలూ పోయింది. అప్పటి నుంచి ఆ ఎల్పీని జ్ఞాపకంగా వినడం మొదలైంది. జ్ఞాపకానికి కత్తెర తగిలిందంటే ఎవరికైనా మనసొప్పదు. అర్థం చేసుకోదగ్గ బాధే, కానీ బాధ సాక్ష్యం కాలేదు.

అట్ట మీది బొమ్మ కూడా ఈ భ్రమకు తోడ్పడింది. ఇటుక గోడ ముందు పేర్చిన సామాన్ల పెట్టెలు, వాటి మీద బ్యాండు పేరు, ముందు కూర్చుని విరగబడి నవ్వుతున్న ఆరుగురు. చూసినవారు ఫిల్మోర్ వెనక సందే అనుకుంటారు. జిమ్ మార్షల్ ఆ ఫొటో తీసింది మేకన్‌లో. పెట్టెల మీది అక్షరాలు అట్ట కోసం వేసినవి.

2014లో మార్చి 12, 13 తేదీల నాలుగు ప్రదర్శనలూ జూన్ 27 నాటి చివరి ప్రదర్శనా ఆరు డిస్కులుగా వచ్చాయి. పచ్చి టేపు కావాలనేవారికి ఇప్పుడు అదే దొరుకుతుంది. ఒకే పాటను వేర్వేరు ప్రదర్శనల్లో ఎలా వాయించారో పక్కపక్కన పెట్టి వింటే, ఎల్పీలోకి ఎక్కిన వాయింపు ఎందుకు ఎక్కిందో చాలాచోట్ల తెలిసిపోతుంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2004లో భద్రపరచదగిన రికార్డుల జాతీయ పట్టికలో చేర్చింది మాత్రం 1971లో డౌడ్ ఏరి, కోసి, కూర్చిన ఆ ఏడు పాటల ఎల్పీనే.